రెప్పపాటు వెలుగు

కంటికి రెప్ప ఎటువంటిదో కెమెరాకు షట్టర్ అటువంటిది. రెప్ప తెరుచుకుంటేనే లోకం కంటిలోనికి ప్రవేశిస్తుంది. షట్టర్ తెరుచుకుంటేనే వెలుగు ఫిల్మును చేరుతుంది. అయితే రెప్ప తెరిచిన క్షణాన ఎదుట వెలుగు లేకపోతే చూపుకు ప్రయోజనం లేదు. వెలుగు మెరిసిన క్షణాన రెప్ప మూసి ఉన్నా అంతే. ఆ తెరుచుకోవడాన్నీ ఈ మెరవడాన్నీ ఒకే క్షణంలో కలపడాన్నే ఛాయాచిత్రకారులు ఫ్లాష్ సింక్ అంటారు. నేటి కెమెరాలలో, చేతి ఫోనులలో ఈ పని ఎవరికీ తెలియకుండానే జరిగిపోతుంది. కాని రెండవ ప్రపంచయుద్ధానికి పూర్వపు పెద్ద పెట్టె కెమెరాకు ఆ విద్య తెలియదు. దానికి ఆ విద్య నేర్పబూనిన ఒక యువకుడు ముందుగా తానే చాలా నేర్చుకోవలసి వచ్చింది.

హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక సందులో పూర్వం ఒక ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళి జంటలు, బడిపిల్లల బృందాలు, వరంగల్‌లో 1934లో నెలకొన్న ఆజంజాహి మిల్లు కార్మికుల కుటుంబాలు అక్కడి బల్లమీద కూర్చుని ఊపిరి బిగబట్టి ఫోటో తీయించుకునేవారు. స్టూడియో యజమాని దగ్గర ఉన్నది టేకుకర్రతో చేసిన హాఫ్ ప్లేట్ కెమెరా. దాని మూలలకు ఇత్తడి తొడుగులు, నడుమ మడతలు మడతలుగా సాగే తోలు తిత్తి, వెనుక గరుకు గాజు. నల్లగుడ్డ కప్పుకుని ఆ గాజులో చూస్తే ఎదుటి మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. నాలుగు ముప్పావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల పొడవు గల నెగెటివు దానిలో తయారయ్యేది. లెన్సుకు జర్మనీలోని మ్యూనిక్ నగరంలో తయారైన కాంపూర్ షట్టర్ అమర్చి ఉండేది. కాంపూర్ షట్టర్లు 1912లో తొలిసారి వెలువడ్డాయి. గడియారంలో వలె పళ్ళచక్రాలతో కాలాన్ని కొలవడం వాటి ప్రత్యేకత.

చిన్న కెమెరాలు, రంగుల ఫిల్ములు వచ్చాక ఆ స్టూడియో మూతపడింది. యజమాని కాలం చేశాడు. కెమెరా పాత ధోవతిలో చుట్టబడి అటక ఎక్కింది. చాలా ఏండ్ల తరువాత దానిని కిందికి దించినవాడు ఆయన మనుమడు. ఆ యువకుడు పాలిటెక్నిక్ చదివి, ఒక కళాశాల ప్రయోగశాలలో పరికరాల సంరక్షకునిగా పనిచేస్తున్నాడు. అతడు ధోవతి విప్పుతుంటే నాయనమ్మ గడపలో కూర్చుని చూసింది. ఆమె అప్పటికే తొంబైకి దగ్గరపడిన వృద్ధురాలు. ఆమె తల నిరంతరం సన్నగా వణుకుతూ ఉంటుంది.

"ఊరందరి ఫోటువలు తీసిండు మీ తాత. నన్ను గూడ కూసోబెట్టి తీస్తనని ఎన్నిమార్లన్నడో! ఎప్పుడు జూసినా గిరాకి. రేపు తీస్త, రేపు తీస్తననుకుంటనే పాయె" అన్నది ఆమె. కొంతసేపు ఊరుకుని, "గా పెద్ద కెమెరతోని నాదొక్కటి తీస్తవా కొడుకా?" అని అడిగింది.

అది కోరిక మాత్రమే కాదు, తాతగారు తీర్చకుండా విడిచిపోయిన బాకీ అని మనుమనికి తోచింది. చేతిలో ఫోను ఉన్నది. దానితో క్షణంలో వంద చిత్రాలు తీయవచ్చు. కాని నాయనమ్మ అడిగినది ఆ చిత్రం కాదు.

పెద్ద కెమెరాకు కావలసినది నిశ్చలత. ఓరుగల్లు నేలకు ఆ సంగతి పూర్వమే తెలుసు. 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించిన లాలా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో నక్షాలు గీస్తూ ఛాయాచిత్రకళను అభ్యసించాడు. తరువాత ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారుడై 'రాజా' బిరుదు పొందాడు. 1880లలో నిజాం రాజ్యంలో ఆయన తీసిన చిత్రాలలో ఓరుగల్లు కోట శిథిలాలు, 1163లో రుద్రదేవుడు నిర్మించిన వేయి స్తంభాల గుడి కూడా ఉన్నాయి. ఆ చిత్రాలలో శిల్పపు గీత ప్రతి ఒక్కటీ నేటికీ స్పష్టంగా కనిపిస్తుంది. రాతికి ఎంతసేపైనా కదలకుండా నిలబడే ఓర్పు ఉన్నది. లెన్సు మూత తీసి నిదానంగా అంకెలు లెక్కపెట్టినా స్తంభం వణకదు. తొంబైయేండ్ల తల వణుకుతుంది.

యువకుడు మొదట ఇంటి వసారాలోనే ప్రయత్నించాడు. ఆ పరిమాణపు ఫిల్ము బజారులో సులభంగా దొరకదు గనుక ఆసుపత్రులలో వాడే ఎక్స్-రే ఫిల్మును తెచ్చి, ఎర్రదీపం వెలుగులో కత్తిరించుకున్నాడు. లోపలి గదిలో ఉన్న వెలుతురుకు షట్టర్‌ను ఒక సెకనుసేపు తెరిచి ఉంచవలసి వచ్చింది. ఫిల్మును కడిగి చూస్తే చీర అంచు, మెడలోని పుస్తెలతాడు, ఒడిలోని చేతులు చక్కగా వచ్చాయి. ముఖం మాత్రం నీటిలో కరిగినట్లు చెదిరిపోయింది. ఎండలోకి తీసుకువెళ్ళి తక్కువ వ్యవధిలో తీయవచ్చునుగాని, శుక్లాలకు శస్త్రచికిత్స అయిన ఆమె కళ్ళు ఎండను ఓర్వలేవు.

కదిలేదానిని వెలుగుతో నిలబెట్టవచ్చునన్న ఆలోచన కొత్తది కాదు. 1851లోనే ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ ఒక వార్తాపత్రిక కాగితాన్ని తిరిగే చక్రానికి అతికించి, చీకటి గదిలో విద్యుత్ స్ఫులింగం వెలుగుతో దానిని చిత్రించాడు. 1887లో జర్మనీలో మీథె, గేడికె అనే శాస్త్రజ్ఞులు మెగ్నీషియం కలిపిన మెరుపుపొడిని రూపొందించారు. అది భగ్గున మండి గదిని పొగతో నింపేది. 1930 ప్రాంతంలో గాజుబుడ్డిలో మండే ఫ్లాష్ బల్బులు వచ్చాయి. అదే దశకంలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ విద్యుత్తుతో మెరిసే ఫ్లాషును అభివృద్ధి చేశాడు. సాధారణంగా ఎలక్ట్రానిక్ ఫ్లాష్ మెరుపు సెకనులో వెయ్యవ వంతు ప్రాంతంలో ముగుస్తుంది. అంతటి స్వల్పకాలంలో ముసలి తల వణుకు వెంట్రుకవాసి దూరమైనా కదలదు.

పాత షట్టర్‌తో ఫ్లాష్ వాడడానికి పూర్వులు ఒక సులభమైన మార్గం చూపారు. గదిని చీకటి చేసి, షట్టర్ తెరిచి ఉంచి, ఫ్లాషును చేతితో మెరిపించి, మరల షట్టర్ మూయడమే ఆ మార్గం. యువకుడు ఒక రాత్రి అదీ చేసి చూశాడు. దీపాలార్పగానే నాయనమ్మ బెదిరి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నది. కిటికీ సందులోంచి వీధిదీపం వెలుగు లోపలికి జారింది. తీరా చూస్తే ఆ నెగెటివులో రెండు ముఖాలు ఉన్నాయి. ఒకటి ఫ్లాషు చెక్కిన స్పష్టమైన ముఖం. రెండవది వీధిదీపం పులిమిన నీడవంటి ముఖం. అన్నిటికంటె అతనిని బాధించినది ఆ స్పష్టమైన ముఖంలోని భయం. చీకటిలో కూర్చుండబెట్టి తీసిన చిత్రం ఆమెది కాదనుకున్నాడు. గదిలో వెలుతురు ఉండాలి, షట్టర్ స్వల్పకాలమే తెరుచుకోవాలి, ఆ కాలంలోనే ఫ్లాష్ మెరవాలి. అంటే పాత షట్టర్‌కు సింక్ అమర్చక తప్పదు.

అతడు షట్టర్‌ను పరిశీలించినప్పుడు చిన్న పలకమీద జడ్, డి, ఎమ్ అనే మూడు అక్షరాలు కనిపించాయి. ఎమ్ అన్నది ఫ్లాషుకు సంబంధించిన గుర్తు అనుకుని ఒక్క క్షణం సంతోషించాడు. ఆ సంతోషం నిలువలేదు. పాత జర్మన్ షట్టర్లలో ఎమ్ అంటే 'మొమెంట్', అనగా క్షణకాలపు చిత్రణ అని అర్థం. ఫ్లాషుకు సంబంధించిన ఎమ్, ఎక్స్ అనే గుర్తులు తరువాతి కాలపు షట్టర్లమీద వచ్చాయి. వాటి మధ్య భేదమూ ఆసక్తికరమైనదే. ఫ్లాష్ బల్బు అంటుకుని పూర్తి వెలుగును అందుకోవడానికి సెకనులో యాభయ్యవ వంతు వరకు పడుతుంది. కనుక ఎమ్ అమరికలో ముందు బల్బు అంటుకుంటుంది, కొంత ఆలస్యంగా షట్టర్ తెరుచుకుంటుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాషు మాత్రం మీట నొక్కగానే మెరుస్తుంది. అందువల్ల ఎక్స్ అమరికలో షట్టర్ రెక్కలు పూర్తిగా విచ్చుకున్న తరువాతనే విద్యుత్ స్పర్శ కలగాలి. నేడు వాడుకలో ఉన్నది ఎలక్ట్రానిక్ ఫ్లాషే గనుక యువకునికి కావలసినది ఎక్స్ అమరిక.

ఒక పెద్ద నగరంలోని మరమ్మతుదారుని సంప్రదిస్తే, షట్టర్ పక్కన రంధ్రం వేసి లోపల తీగ అమర్చి ఇస్తానన్నాడు. అది బాగా చేయగలిగినవారికి సుసాధ్యమైన పనే. అయినా యువకుని మనసు ఒప్పలేదు. చేతిలో ఆ షట్టర్ పెట్టుకుని వరంగల్ బజారులో చేతిగడియారాలు బాగుచేసే ఒక వృద్ధుని దగ్గరకు వెళ్ళాడు. చిన్ననాటినుండి అతడు ఆయనను 'చాచా' అని పిలుస్తాడు.

"చాచా, దీనికి చిల్లు కొట్టొచ్చంటారా?" అని అడిగాడు.

ఆయన కంటికి భూతద్దం బిగించుకుని చాలాసేపు షట్టర్‌ను తిప్పి చూశాడు. "బేటా, గడియారంల నుంచి తీసిన ముక్కను మల్ల పెట్టొచ్చు. కేసుకు కొట్టిన చిల్లును మల్ల పూడ్చలేం. రేపు నీకన్న తెలివిగలోడు ఒస్తడు. ఆయనకు చెడని సామాను ఇయ్యాలె" అన్నాడు.

ఆ మాట యువకునికి దారి చూపింది. రంధ్రం వేయకుండా పైనుండి తొడిగే ఏర్పాటు చేయాలి. షట్టర్‌ను బిగించడానికి బయట ఒక మీట ఉంటుంది. మీట వదలగానే రెక్కలు విచ్చుకుని, నిలిచి, మూసుకుంటాయి. ఆ సమయంలో బిగింపు మీట కూడా తన మొదటి స్థానానికి తిరిగి వస్తుంది. ఆ తిరుగు ప్రయాణంలో మీట ఏ చోటికి చేరినప్పుడు రెక్కలు పూర్తిగా తెరుచుకుంటాయో కనిపెట్టి, సరిగ్గా అక్కడ ఒక సన్నని లోహపు రేకు మీటను తాకేటట్లు చేస్తే చాలు. మీట ఒక ధ్రువం, రేకు మరొక ధ్రువం. రెండూ తాకిన క్షణమే ఫ్లాషుకు పిలుపు.

చెప్పడానికి ఒక వాక్యమైనా చేయడానికి నెలరోజులు పట్టింది. షట్టర్ చుట్టూ పట్టుకునే వలయం కావాలి. అది గట్టిగా పట్టాలి, కాని నొక్కకూడదు. వరంగల్ నుండి హైదరాబాదు వెళ్ళే దారిలో జనగామ దగ్గర పెంబర్తి ఉన్నది. ఇత్తడి రేకుమీద దేవతామూర్తులను, పూలతీగలను ఉబ్బెత్తుగా తీర్చే పనితనానికి ఆ ఊరు ప్రసిద్ధి. అక్కడి ఒక పనివాడు కాగితపు కొలత చూసి, రెండు ముక్కలుగా విడివడి ఒక్క మరతో బిగిసే ఇత్తడి వలయాన్ని తయారుచేసి ఇచ్చాడు. యువకుడు దాని లోపలివైపు సన్నని తోలు అతికించాడు. వలయంమీద విద్యుత్తు పారని బేకలైటు ముక్కను నిలిపి, పాత రిలే నుండి తీసిన ఫాస్ఫర్ బ్రాంజ్ రేకును దానికి అమర్చాడు. ఎన్నిసార్లు వంచినా తిరిగి తన రూపానికి వచ్చే గుణం ఆ లోహానికి ఉన్నది.

ఇక సరైన చోటు కనిపెట్టడం మిగిలింది. దీనికి నేటి పరికరమే తోడ్పడింది. సెకనుకు 240 చిత్రాలు తీసే ఫోను ముందు షట్టర్‌ను నడిపించాడు. సెకనులో 25వ వంతు వేగంలో రెక్కల నడక సుమారు పది చిత్రాలలో కనిపించింది. ఏ చిత్రంలో రెక్కలు పూర్తిగా విడివడ్డాయో, అప్పుడు మీట ఎక్కడ ఉన్నదో గుర్తించి రేకును అక్కడికి జరిపాడు. తరువాత పూర్వులు వాడిన పరీక్ష చేశాడు. కెమెరా వెనుక గాజు తీసివేసి, ఫ్లాషును తెల్లని గోడవైపు తిప్పి, లెన్సును పూర్తిగా తెరిచి, వెనుకనుండి చూస్తూ షట్టర్ నొక్కాడు. రెక్కలు పూర్తిగా తెరుచుకున్న తరువాత ఫ్లాష్ మెరిస్తే గుండ్రని వెలుగు వలయం కనిపిస్తుంది. తొందరపడి మెరిస్తే నక్షత్రంవంటి ఆకారం కనిపిస్తుంది. మరీ తొందరపడితే ఏమీ కనిపించదు.

తొలిసారి ఏమీ కనిపించలేదు. రేకును వెంట్రుకవాసి వంచాడు. ఐదు కొనల నక్షత్రం కనిపించింది. మరల వంచాడు. నక్షత్రం లావెక్కింది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు వంచాడో అతనికే లెక్క లేదు. చివరకు నిండు చందమామవంటి వెలుగు కంటబడింది. అది పదిసార్లలో పదిసార్లూ అలాగే కనిపించేవరకు అతడు ఆ చోటునుండి లేవలేదు.

అనుకోని చిక్కు ఒకటి ఎదురైంది. మీట తిరిగి వచ్చేటప్పుడే కాక, షట్టర్‌ను బిగించేటప్పుడు కూడా రేకును తాకుతున్నది. దానితో చిత్రం తీయకముందే ఫ్లాష్ ఒకసారి వృథాగా మెరుస్తున్నది. తీగ నడుమ చిన్న స్విచ్చి పెట్టి, బిగింపు పూర్తయిన తరువాతనే దానిని వేసే పద్ధతి ఏర్పరచుకున్నాడు. మరొక జాగ్రత్త ప్రాణానికి సంబంధించినది. పాత ఫ్లాషులు కొన్నింటిలో ఈ స్పర్శ తీగలమధ్య రెండు వందల వోల్టులకు పైగా ఉండవచ్చు. దానిని లోహపు షట్టర్‌కు నేరుగా కలిపితే పట్టుకున్నవారికి ఘాతం తగులుతుంది, సన్నని రేకూ నిప్పురవ్వలకు కాలిపోతుంది. అందుకని అతడు తీగను ఫ్లాషుకు కలపలేదు. చిన్న బ్యాటరీతో పనిచేసే రేడియో ట్రిగ్గర్‌కు కలిపాడు. షట్టర్ దగ్గర ఉన్నది కొద్ది వోల్టులు మాత్రమే. దూరంగా ఉన్న ఫ్లాష్ గాలిలో వచ్చే సంకేతాన్ని అందుకుని మెరుస్తుంది.

ఒక ఆదివారం ఉదయం నాయనమ్మ నీలంచీర కట్టుకుని కూర్చున్నది. తలుపులు తెరిచి ఉన్నాయి, గదిలో వెలుతురు ఉన్నది. భయపడవలసినది ఏదీ లేదు. ఒక సెకను తెరిచి ఉంచవలసిన చోట 25వ వంతు మాత్రమే తెరుస్తున్నందువల్ల గదిలోని వెలుగు ఫిల్ముమీద రెండవ ముఖాన్ని గీయలేదు. యువకుడు నల్లగుడ్డ కప్పుకుని గరుకు గాజులో ఆమె కళ్ళను సరిచూశాడు. ఫిల్ము పెట్టాడు, షట్టర్ బిగించాడు, స్విచ్చి వేశాడు.

"నాయనమ్మా, గీ అద్దం దిక్కు చూడు" అన్నాడు.

ఆమె అద్దంవైపు చూడలేదు. కెమెరాకు కుడిపక్కన, ఒక మనిషి నిలబడేంత ఖాళీ చోటువైపు చూసింది. "మీ తాత గీడనే నిలబడుతుండె" అన్నది. పెదవుల చివర సన్నని నవ్వు కదిలింది. యువకుడు మీట నొక్కాడు. ఫ్లాష్ మెరిసింది.

రాత్రి ఎర్రదీపం కింద ద్రావకంలో ఆ ముఖం మెల్లమెల్లగా తేలివచ్చింది. వణుకు లేదు. ముడుతలన్నీ ఓరుగల్లు శిల్పంలోని గీతలవలె నిలిచి ఉన్నాయి. మరునాడు నెగెటివును ఫోటో కాగితంమీద అద్ది ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె దానిని కిటికీ దగ్గర పట్టుకుని చూసింది. చిత్రం చేతిలో వణుకుతున్నది, చిత్రంలోని తల వణకడం లేదు. "గిది మీ తాతనే తీసిండు" అన్నది. యువకుడు కాదనలేదు.

పాత వస్తువులపట్ల మనకు రెండు విధాలైన వైఖరులు ఉన్నాయి. పనికిరానివని పారవేయడం ఒకటి, పవిత్రమైనవని ముట్టుకోకుండా అటకమీద దాచడం రెండవది. మొదటిదానివల్ల వస్తువు నశిస్తుంది, రెండవదానివల్ల దాని ప్రయోజనం నశిస్తుంది. వస్తువును చెడగొట్టకుండా దానితో నేటి పని చేయించుకోవడం మూడవ మార్గం. అందుకు ఓపిక ఎక్కువ కావాలి. వస్తువు ఎట్లా నడుస్తుందో తెలుసుకునే వినయమూ కావాలి.

ఆ సాయంత్రం యువకుడు మర సడలించి ఇత్తడి వలయాన్ని తీశాడు. షట్టర్‌మీద ఒక గీత కూడా పడలేదు. వలయాన్ని మెత్తని గుడ్డలో చుట్టి పెట్టెలో ఉంచి, పక్కన ఒక కాగితం పెట్టాడు. ఎలక్ట్రానిక్ ఫ్లాషుకు మాత్రమే వాడవలెననీ, వేగం 25వ వంతు మించరాదనీ, షట్టర్ బిగించేటప్పుడు స్విచ్చి ఆపవలెననీ, మర గట్టిగా బిగించరాదనీ దానిలో రాశాడు. ఆ పెట్టెను రేపు తెరవబోయేవారు ఎవరో అతనికి తెలియదు. వారికి చెడని సామాను అందుతుందని మాత్రం తెలుసు.